తుయెన్ మాస్టారి మూడు కొలతలు

తుయెన్ మాస్టారు నల్లబల్ల మీద ఉత్త చేత్తో గీసిన వృత్తాన్ని చూస్తే, వృత్తలేఖినితో గీసిందేననుకుంటారు ఎవరైనా. అయినా ఆయన దాన్ని తుడిచేసి, కొయ్య వృత్తలేఖిని తెచ్చి మళ్ళీ గీసేవాడు. "కంటికి గుండ్రంగా కనబడితే చాలదు, ఎందుకు గుండ్రంగా ఉందో చెప్పగలగాలి" అనేవాడు. మా నామ్ దిన్ పట్నంలో లెక్కల మాస్టర్లకు కరువేమీ లేదు. కాని త్రిభుజ నిర్మాణం, బిందుపథం చెప్పాలంటే ఆయనే చెప్పాలి. కొలబద్ద, వృత్తలేఖిని తప్ప ఇంకేదీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. బొమ్మ ఎంత చక్కగా వచ్చినా, చివర్లో ఒక మాట రాయకపోతే సగం మార్కులు కోసేసేవాడు. ఇచ్చిన కొలతలతో ఇలాంటి బొమ్మలు ఎన్ని వస్తాయి? ఒకటా, రెండా, అసలు రావా? అది రాసి తీరాలి.

ఆ మాట గురించి ఆయనే సరిగ్గా ఆలోచించకుండా వదిలేసిన రోజు ఒకటుంది. దాని ఫలితం పంతొమ్మిదేళ్ళకు గాని పూర్తిగా చేతికి రాలేదు.

బాంగ్‌తో ఆయనకు పరిచయమైంది వృత్తలేఖిని వల్లే. బడిలో ఉన్నదానికి ఒక కాలు విరిగితే, బాగుచేయించుకుందామని రేకుపనివాళ్ళ వీధికి వెళ్ళాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. కొట్టు ముందు పొట్టి పీట మీద కూర్చుని హుక్కాలాంటి నీళ్ళ గొట్టంతో పొగ పీలుస్తున్నాడు బాంగ్. ఇతనికన్నా రెండేళ్ళు చిన్న. విరిగిన కాలును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గుండ్రం గీయడానికి ఇంత కొయ్యగుర్రం కావాలా మాస్టారూ మీకు? మాకో మేకూ దారమూ ఉంటే చాలు."

"దారం సాగుతుందయ్యా. కొలత తప్పుతుంది."

"సాగితే బిందె కారుతుంది. బిందె కారితే మా అమ్మ చీపురు తిరగేస్తుంది. అందుకని సాగనివ్వం." కొట్టు లోపల తమలపాకులు నములుతున్న తల్లి నవ్వింది. బాంగ్ ఆగలేదు. "మరి మీ త్రిభుజంలో నీళ్ళు పోస్తే నిలుస్తాయా? నిలవవు. అందుకే మీకు జీతాలు, మాకు చీవాట్లు."

విరిగిన కాలికి రేకు తొడుగు వేసి అప్పటికప్పుడే ఇచ్చేశాడు. తుయెన్‌కు ఆ పనితనం నచ్చింది, ఆ నోరు ఇంకా నచ్చింది. బడి అయిపోయాక సైకిలు తిన్నగా ఆ వీధికే పోయేది. ఇద్దరూ చదరంగం ఆడేవాళ్ళు. బాంగ్ చెల్లెలు మియెన్ టీ పోసేది. పద్నాలుగేళ్ళ పిల్ల, అన్న ఓడిపోతుంటే పావులు కదిపేసి ఏమీ ఎరగనట్టు కూర్చునేది.

ఒకసారి కెటిల్ ముక్కు కోసం బాంగ్ రేకు మీద రెండు ముక్కలు విడివిడిగా గీస్తున్నాడు. తుయెన్ వంగి చూశాడు.

"రెండుసార్లు గీయడం ఎందుకు? ఇవి రెండూ సర్వసమానం. ఒకటి గీస్తే రెండోది దాని అచ్చే."

"అచ్చు కాదు, అద్దంలో బొమ్మ. ఇది ఎడమది, అది కుడిది. పనిలో చేరిన కొత్తలో రెండూ ఎడమవే కోసి మా నాన్న చేత వీపు విమానం మోత మోగించుకున్నా."

"తిప్పి పెట్టుకుంటే పోయేదిగా?"

"అంచు మడిచాక ఎలా తిప్పుతారు? మీ పుస్తకం ఒప్పుకుంటుందేమో గాని మాస్టారూ, కెటిల్ ఒప్పుకోదు."

"జ్యామితిలో ఆ తేడా లెక్కలోకి రాదు" అని నవ్వేసి, తుయెన్ పక్కనున్న చదరంగం బల్ల మీద తన గుర్రాన్ని ముందుకు జరిపాడు.

పంతొమ్మిది వందల డెబ్భై ఒకటిలో ఇద్దరికీ ఒకే విడతలో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. మూడు నెలల తర్వాత క్వాంగ్ చి పడమటి కొండల్లో, బాంబులు పడి తెగిపోయిన బాటను మళ్ళీ పూడ్చే దళంలో ఉన్నారు. తుయెన్ చేతులు సుద్దముక్కకే అలవాటుపడ్డవి. మొదటి వారంలోనే అరచేతులు బొబ్బలెక్కాయి. బాంగ్ గుడ్డపీలికలు చుట్టి, "పారను వృత్తలేఖినిలా పట్టుకుంటే ఇంతే మరి" అని నవ్వేవాడు. అతనికి అక్కడా రేకు పనే పడింది. రాత్రిళ్ళు నేల కనబడడానికి విమానాలు జారవిడిచిన వెలుగుబాంబుల గొట్టాలు అడివంతా పడి ఉండేవి. వాటిని చీల్చి, సాపుచేసి, చనిపోయినవాళ్ళ పేర్లు మేకుతో చెక్కేవాడు. పేరు, ఊరు, తేదీ. పక్కన కూర్చుని అక్షరాలు చెప్పడం తుయెన్ వంతు.

"సరిగ్గా చెప్పండి మాస్టారూ. పక్కవాడి పేరుతో పడుకోబెడితే పైనుంచి తిడతాడు."

అలా పదకొండు చెక్కాడు. పన్నెండోది అతనికే కావలసి వచ్చింది. డెబ్భై రెండు వానాకాలంలో ఒక ఉదయం వాగు నుంచి నీళ్ళు తెస్తుండగా బాంబు తునక తగిలింది. తుయెన్ పరుగెత్తుకెళ్ళేసరికి అంతా అయిపోయింది. నీళ్ళ డబ్బా మాత్రం నిటారుగా నిలబడే ఉంది.

పేరు చెక్కడానికి తుయెన్ రేకు పట్టుకున్నాడు. రెండుసార్లు వేలు కోసుకున్నాడు, అక్షరం పడలేదు. చివరికి కాగితం మీద పెన్సిలుతో రాసి, పెన్సిలిన్ బుడ్డిలో పెట్టి, మూత బిగించి, బాంగ్ చొక్కా జేబులో ఉంచాడు. సైనికులు పడుకునే నైలాను ఉయ్యాలలో చుట్టి పాతిపెట్టారు. అక్కడ నడిమికి చీలిన పెద్ద రాయి ఒకటుంది. దాని దగ్గర్నుంచి బాట తిన్నగా వెళ్ళి, కూలిపోయిన వంతెన తాలూకు కాంక్రీటు దిమ్మ దగ్గర వాగులో దిగుతుంది. రెండు పక్కలా ఒకేలాంటి వెదురుపొదలు.

కట్టెతో గుర్తు పెడితే ఒక్క వానకు పోతుంది. అందుకని కొలిచి పెట్టుకుందామనుకున్నాడు. వెలుగుబాంబును దింపే పారాచూట్ గొడుగు తాడుకు తన సంచిలో ఉన్న బడి కొలబద్దతో మీటరుకో ముడి చొప్పున గుర్తు పెట్టాడు. రాయి నుంచి గుంతకు ఇరవై మూడు మీటర్లు. దిమ్మ నుంచి గుంతకు ముప్పై ఒకటి. రాయికీ దిమ్మకీ మధ్య నలభై. వాన మళ్ళీ మొదలైంది. "ఇంకెంతసేపు మాస్టారూ, విమానాలు వచ్చే వేళయింది!" అని దళనాయకుడు కేకలేస్తున్నాడు. తుయెన్ నోటుపుస్తకంలో మూడు అంకెలూ రాసి, కింద ఇలా రాసుకున్నాడు: "మూడు భుజాలూ తెలిసిన త్రిభుజం. ఒక్కటే." ఆ ఒక్కటే అన్న మాట కింద గీత కూడా గీశాడు. ఆ పూట ఆయన మనసుకు కాస్త నెమ్మదినిచ్చింది ఆ గీతే.

తర్వాత దళం దక్షిణానికి కదిలింది. మలేరియా వచ్చి రెండు నెలలు మంచం పట్టాడు. మళ్ళీ ఎందరినో పాతిపెట్టాడు. వెదురుపొదలు, వాగులు, వానలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నోటుపుస్తకం మాత్రం నూనెగుడ్డలో చుట్టి భద్రంగా ఉంచుకున్నాడు.

డెబ్భై ఆరులో ఇంటికి వచ్చాక మొదట వెళ్ళింది బాంగ్ తల్లి దగ్గరికే. ఆవిడకు వచ్చిన మరణపత్రంలో దక్షిణ రంగంలో చనిపోయాడని ఉందే తప్ప, ఎక్కడ పాతిపెట్టారో లేదు.

"ఎక్కడున్నాడో నీకు తెలుసా నాయనా?"

"తెలుసమ్మా. కొలిచి రాసుకున్నాను. జానెడు తేడా కూడా రాదు."

ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ రోజు నుంచి ఇరుగుపొరుగుతో చెప్పుకునేది: "అందరి పిల్లలూ ఎక్కడున్నారో తెలీదు. మావాడి సంగతి మాస్టారి పుస్తకంలో ఉంది." బాంగ్ చనిపోయిన తిథికి ఏటా తుయెన్‌ను భోజనానికి పిలిచేది. వెదురుమొలకల పులుసు వడ్డిస్తూ అడిగేది: "ఈ ఏడు వెళ్దామా?" మొదట్లో నిజంగానే వీలుపడలేదు. అటువైపు మందుపాతరలు తీయలేదు, అనుమతికాగితం దొరకదు, బస్సు లేదు. వచ్చే ఏడు వెళ్దామమ్మా అనేవాడు, మనస్ఫూర్తిగానే.

డెబ్భై తొమ్మిది చలికాలంలో ఒక క్లాసులో మూడు భుజాలు ఇస్తే త్రిభుజం గీయడం చెబుతున్నాడు. భూమి గీసి, రెండు కొసల నుంచీ రెండు చాపాలు వేసి, అవి పైన ఖండించుకున్నచోట అక్షరం పెట్టాడు. థూక్ అనే అమ్మాయి లేచి నిలబడింది. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే పిల్ల.

"మాస్టారూ, చాపాలు కింద కూడా కలుస్తాయి కదా? అక్కడెందుకు పెట్టకూడదు?"

"పెట్టొచ్చమ్మా. అదీ ఇదీ ఒకటే త్రిభుజం."

"ఒకటే ఎలా అవుతుందండీ? ఇది గీతకు పైనుంది, అది కిందుంది. నేను ఇక్కడ కూర్చుంటే మీరు అక్కడ వెతికితే దొరుకుతానా?"

పిల్లలందరూ గొల్లుమన్నారు. తుయెన్ నవ్వలేదు. చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. మీరంతా గీస్తూ ఉండండని చెప్పి, వరండాలోకి వచ్చి గోడనానుకుని కూర్చున్నాడు.

ఇరవై మూడు, ముప్పై ఒకటి, నలభై. బాటకు అటొకటి, ఇటొకటి. మధ్య దూరం ముప్పై అయిదు మీటర్ల పైన. పుస్తకంలో ఒక్కటే. నేల మీద రెండు. కెటిల్ ఒప్పుకోదని బాంగ్ ఎంత తేలిగ్గా చెప్పాడు! ఏ పక్కనో ఒక్క మాట రాసుకుంటే సరిపోయేది. అప్పుడది రాయాలని కూడా తోచలేదు, కళ్ళెదురుగా గుంత కనబడుతుంటే ఏ పక్కనో మరిచిపోయేదెవరు? కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయాడు. కుడి పక్కన అని ఎక్కడో లీలగా ఉంది. కాని ఏ వైపు తిరిగి నిలబడితే కుడి? రాయి వైపా, వాగు వైపా? ఎంత తడుముకున్నా వాన తప్ప ఏమీ కనబడలేదు.

ఆ సాయంత్రమే వెళ్ళి ఆవిడకు చెప్పి ఉండాల్సింది. సైకిలు ఎక్కాడు కూడా. రేకుపనివాళ్ళ వీధి మొదట్లో దిగి, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగాడు. జానెడు తేడా రాదని చెప్పిన నోటితో, ఈ పక్కో ఆ పక్కో తెలీదని ఎలా చెప్పడం? ముందు తనకే గుర్తొస్తుందేమో చూద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాడు. గుర్తు రాలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మందుపాతరలు తీసేశారు, బస్సు వేశారు, అనుమతికాగితం అక్కర్లేకుండా పోయింది. సాకులు మాత్రం తీరలేదు. పరీక్షలన్నాడు, నడుం నొప్పన్నాడు, వానలన్నాడు. తిథి భోజనానికి వెళ్ళడం కూడా తగ్గించాడు. వెళ్ళినా పులుసు గబగబా తాగి లేచి వచ్చేసేవాడు. బాంగ్ గురించి ఒక్క ముక్క మాట్లాడితే ఆ ప్రశ్న వస్తుందని భయం.

పదేళ్ళు అలాగే నడిచింది. చివరిసారి ఆవిడ్ని చూసేసరికి రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. గొంతు గుర్తుపట్టి అడిగింది.

"కొలతలు జాగ్రత్తగా ఉన్నాయి కదా నాయనా?"

"ఉన్నాయమ్మా."

"అయితే సరే. నేను వెళ్ళలేకపోయినా మియెన్ వెళ్తుంది."

ఆ ఏటి చలికాలంలో ఆవిడ పోయింది. ఆవిడ కోసం పాటించే మూడేళ్ళ మైల పూర్తికాకముందే, తొంభై ఒకటి ఎండాకాలంలో మియెన్ బడికి వచ్చింది. నేతమిల్లులో నూలు వడికే విభాగంలో పని ఆమెది. వేళ్ళకు ఎప్పుడూ దూది నూగు అంటుకుని ఉండేది.

"అన్నా, పదిరోజులు సెలవు పెట్టాను. ఈసారి మీ నడుం నొప్పి కుదరదు" అంది. ఆమె నవ్వుతోందో నిష్ఠూరమాడుతోందో తెలియలేదు. తుయెన్ నూనెగుడ్డ మూట తీసుకుని బయల్దేరాడు.

రైల్లో ఆమె ఒళ్ళో ఎముకలు సర్ది ఇంటికి తెచ్చుకోడానికి చిన్న మట్టిపెట్టె, ఎర్రగుడ్డ, అగరుబత్తులు. తుయెన్ దారి పొడవునా చెప్పాలని నోరు తెరవడం, కిటికీలోంచి బయటికి చూడడం. చెప్పలేదు. రైలు దిగి, లారీ ఎక్కి, చివర్న నడిచి వెళ్ళారు. చీలిన రాయి అలాగే ఉంది. దిమ్మ కూడా ఉంది, సగం మట్టిలో కూరుకుని. బాట మాత్రం సన్నబడి కాలిదారి అయింది. ఒకవైపు ఇంకా వెదురుపొదలే. రెండోవైపు ఎవరో నరికి కర్రపెండలం వేశారు.

మీటరుకో ముడి వేసి తెచ్చిన తాడు పరిచాడు. రాయి దగ్గర ఒక కొస మియెన్ పట్టుకుంది. ఇరవై మూడు మీటర్ల దూరాన కర్రతో నేల మీద చాపం గీశాడు. దిమ్మ దగ్గర్నుంచి ముప్పై ఒకటికి ఇంకొకటి. రెండూ పొదల వైపు కలిసినచోట, "ఇక్కడే" అన్నాడు. ఆ మాట ఎలా అన్నాడో ఆయనకే తెలీదు. మధ్యాహ్నం దాకా తవ్వారు. నడుంలోతు దిగారు. వేళ్ళు, రాళ్ళు, ఎర్రమట్టి. చుట్టూ వెడల్పు చేశారు. మనిషి చేయి ఎన్నడూ పడని గట్టినేల అది. మియెన్ చేతులు దులుపుకుని గట్టు మీద కూర్చుంది.

"అన్నా, కొలత తప్పిందేమో. మళ్ళీ చూద్దామా?"

"కొలత తప్పలేదమ్మా. ఇంకో చోటుంది."

"ఇంకో చోటేమిటి?"

అప్పుడు చెప్పాడు. నేల మీద పుల్లతో గీసి, రెండు చాపాలు రెండుచోట్ల కలవడం చూపించి, తను ఏ పక్కనో రాసుకోకపోవడం చెప్పాడు. ఆమె ఆ గీతల వంక చాలాసేపు చూసింది.

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

"పన్నెండేళ్ళయింది."

ఆమె లేచి తాడు కొస పట్టుకుని రాయి దగ్గరికి నడిచింది.

కర్రపెండలం వైపు చాపాలు కలిసినచోట మొక్కల్లేవు. మనిషి పొడుగున నేల కుంగి, గడ్డి మొలిచి ఉంది. పార ఎత్తబోతుంటే చేను గలాయన కేకేస్తూ వచ్చాడు. పా హోయ్ అంటారు, వాన్ కియెవ్ కొండజాతి ముసలాయన.

"అక్కడ తవ్వకండి! అక్కడ సైనికుడు ఉండేవాడు."

"ఉండేవాడా? ఇప్పుడు లేడా?" అంది మియెన్.

"మూడేళ్ళయింది తీసుకెళ్ళి. చేను కొడుతుంటే పారకు నైలాను గుడ్డ తగిలింది. కప్పేశాను. అగరుబత్తి పెట్టాను. ఏడాదంతా పెట్టాను. అమ్మో అన్నో ఎవరో ఒకరు వస్తారు గదా అనుకున్నా. ఎవరూ రాలేదు. అప్పుడు వెళ్ళి ఊరి ఆఫీసులో చెప్పా. జవాన్లు వచ్చి తీశారు."

"పేరు? జేబులో బుడ్డి ఉంది, పేరు రాసిన కాగితం..." అన్నాడు తుయెన్.

"బుడ్డి ఉంది. మూత తుప్పుపట్టి పోయింది. లోపల నీళ్ళు, తెల్లటి ముద్ద. ఒక్క అక్షరం లేదు."

జిల్లా సైనిక శ్మశానం అక్కడికి ఒక పూట ప్రయాణం. కాపలాదారు దఫ్తరు తిరగేసి, ఆ ఏడాది ఆ వాగు ప్రాంతం నుంచి ముగ్గురి అస్థికలు ఒకేసారి వచ్చాయని, ఒకే వరుసలో పెట్టామని, వాటిలో ఏది ఎవరిదో రాసుకోలేదని చెప్పాడు. పక్కపక్కన మూడు తెల్లరాళ్ళు. మూడింటి మీదా ఒకే మాట, పేరు తెలియదు అని. మియెన్ గిన్నెలో అన్నం, దాని మీద గుడ్డు తెచ్చింది ఒకరికే. గుడ్డును దారంతో మూడు ముక్కలు కోసి మూడుచోట్లా పెట్టింది. అగరుబత్తులు వెలిగించింది. మట్టిపెట్టెను తెరవకుండానే మళ్ళీ మూట కట్టుకుంది.

తుయెన్ నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆమె ఆయన్ని ఏడవనిచ్చింది. తర్వాత మెల్లగా అంది:

"అన్నా, ఒక్క మాట. రెండు చోట్లున్నాయి, ఏదో తెలీదు అని ఆ రోజే చెప్పుంటే మా అమ్మ ఏం చేసేదో తెలుసా? రెండూ తవ్వేది. పది ఉన్నాయంటే పదీ తవ్వేది. ఆవిడకు మీ కొలతలు ఎందుకు? వెళ్ళడానికి ఒక దారి కావాలి, అంతే."

 ఇద్దరూ తిరుగు రైలు ఎక్కారు.

తుయెన్ అర్జీలు పెట్టాడు. మూడింటిలో ఒకదాని మీద బాంగ్ పేరు వేయండని ఒకటి, మూడింటి మీదా వేయండని ఒకటి. ఏది ఎవరిదో తేలనిదే పేరు వేయడం కుదరదని, మిగతా ఇద్దరికీ కుటుంబాలుంటాయి కదా అని జవాబు వచ్చింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆ ఏడు బాంగ్ తిథికి ఆయన వెళ్ళలేదు. బడి నుంచి ఇంటికి పోకుండా, పటాలు ఉంచే గదిలో పరీక్ష కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక గుమ్మంలో సైకిలు గంట మోగింది. మియెన్.

"పొద్దున్నుంచీ చూస్తున్నా. పులుసు రెండుసార్లు వేడిచేశా. రారా?"

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావమ్మా?"

"ఉన్న మొహంతోనే రండి. మీ మీద కోపం పోయిందని చెప్పను, పోలేదు. కాని అన్నయ్య గురించి మాట్లాడుకోడానికి నాకింకెవరున్నారు?"

వెళ్ళాడు. గోడ మీద బాంగ్ ఫోటో పక్కన ఇప్పుడు తల్లి ఫోటో కూడా ఉంది. మియెన్ గిన్నె ఆయన ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"అక్కడ అన్నయ్య ఏం చేసేవాడు? అది చెప్పండి ముందు."

తుయెన్ పేరురేకుల సంగతి చెప్పాడు. వెలుగుబాంబు గొట్టాన్ని ఎలా చీల్చేవాడో, అక్షరం వంకర పోతే ఎలా విసుక్కునేవాడో, పక్కవాడి పేరుతో పడుకోబెడితే పైనుంచి తిడతాడని ఎలా అనేవాడో చెప్పాడు. పదకొండుమందికి చెక్కాడనీ, ఆ పదకొండుమందీ తమ తమ పేర్లతోనే ఇళ్ళకు చేరి ఉండొచ్చనీ చెప్పాడు. మియెన్ నవ్వింది. నవ్వుతూనే అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. తర్వాత గోడ మీద ఫోటోల వైపు చూసి అడిగింది.

"ఇదంతా అమ్మకు చెప్పారా?"

"లేదమ్మా" అన్నాడు తుయెన్. "ఒక్కటీ చెప్పలేదు."